మెడ పదహారున్నర

మా తాత మెండెల్ జస్లావ్‌స్కీ
మొహాలు మర్చిపోయేవాడు.
భుజాలను బట్టి మనుషుల్ని గుర్తుపట్టేవాడు.
ప్లిమత్ అవెన్యూలో, రొట్టెల బట్టీ పక్కన
ఒక కిటికీ, ఒక మిషను, ఆరుతూ వెలుగుతూ ఒక బల్బు.
మినియాపొలిస్ చలికి
సూదులు కూడా వేళ్లకు అతుక్కునేవట.

ఆయన కొలతల పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.
అట్ట మీద మిషను నూనె మరక.
పేర్లు ఇంగ్లీషులో,
అంకెల పక్కన గుసగుసలు యిడ్డిష్‌లో:
"ఎడమ భుజం జారుడు. చెప్పకు, సర్దెయ్."
"బొజ్జ లోపలికి పీలుస్తాడు. రెండంగుళాలు వదులు."
"కొడుకు పోయాడు. నల్ల గుడ్డ. డబ్బడక్కు."

ముప్ఫై ఎనిమిది, మార్చి నెల పేజీ.
ఒకే రోజు పద్దెనిమిది మంది,
ఒకే బూడిద రంగు.
రెండు జేబులు, భుజాల మీద పట్టీలు,
ఎడమ రొమ్ము మీద కొంచెం ఖాళీ జాగా.
బిళ్ల మేమే కుట్టించుకుంటాం అన్నారట.
బ్యాండుమేళం వాళ్లనుకున్నాడు తాత.

ఆ పద్దెనిమిది మందిలో
పాలు పోసే ఓర్విల్ ఉన్నాడు.
అమ్మమ్మకు నొప్పులొచ్చిన రాత్రి
మంచులో బండి తోలిన హాల్వర్ టెంగెస్‌డాల్ ఉన్నాడు.
మెడ పదహారున్నర, చెయ్యి ముప్ఫై నాలుగు.
టేపు చుట్టూ వేస్తుంటే గుటక మింగాడట.
తాత వేలి కింద ఆ గుటక కదిలింది.

కూలి సగం ముందు.
మిగతా సగం తర్వాత.

ఒక శుక్రవారం సందెవేళ
అమ్మమ్మ కొవ్వొత్తులు వెలిగించి
అరచేతుల్తో కళ్లు మూసుకున్నప్పుడు
వీధిలో బూట్ల చప్పుడు.
తాత తెర తొలగించి
ముందు తన కుట్టుపని చూశాడు, దర్జీ కదా.
చంకల దగ్గర ముడత లేదు.
కాలరు నిలబడింది.
అప్పుడు వినబడింది వాళ్లు అరుస్తున్నదేమిటో.

పనులు పోతే మావల్లేనట.
బ్యాంకులు మూతపడితే మావల్లేనట.
యుద్ధం వస్తే మా కుట్ర,
రాకపోతే మా పిరికితనం.
ఏ నేరమైనా పట్టే ఒక దిష్టిబొమ్మను కుట్టి
దానికి మా మొహం తగిలించారు,
కొలతలు తీసుకోకుండానే.
ఆదివారాలు రేడియోలో ఒక గొంతు
గజాలకు గజాలు ఆ బట్టే అమ్మేది.
సరస్సు ఒడ్డు హోటళ్ల బోర్డుల మీద
"ఎంపిక చేసిన అతిథులకు మాత్రమే."
ఎంత మర్యాదో!

"మొదటి చొక్కా దగ్గరే అడగాల్సింది"
అంది పిన్ని ఎస్తేర్, చాలా ఏళ్ల తర్వాత.
అద్దె నువ్వు కట్టేదానివా అంది అమ్మ.
తాత మాత్రం
"గుడ్డకేం తెలుసు" అని
తన చేతులు చూసుకునేవాడు.

హాల్వర్ ఒక్కడే తిరిగొచ్చాడు.
నలభై ఆరులో,
పత్రికల్లో ఆ ఫొటోలన్నీ వచ్చాక,
చంకలో కాగితప్పొట్లంతో.
పట్టీలు పీకేసి మామూలు చొక్కా చెయ్యమన్నాడు.
క్షమించమని అనలేదు.
తాతా ఏమీ అడగలేదు.
పీకిన చోట సూది రంధ్రాల వరస
ఎంత ఇస్త్రీ చేసినా పోలేదట.
ఆ తేదీ ఎదురుగా ఇంత రాసుంది:
"మెడ పదిహేనున్నర. చిక్కాడు."
మిగతా పదిహేడు పేర్ల కింద ఒక గీత,
గీత కింద బాకీ. ఎవరూ కొట్టెయ్యలేదు.

మొన్న టీవీలో కుర్రాళ్లు, కాగడాలతో.
తెల్ల టీషర్టులు, నలగని ఖాకీ ప్యాంట్లు,
ఏ దుకాణంలోనైనా దొరికేవి.
ఇప్పుడు దర్జీతో పనిలేదు,
ఎవరి గుటకా ఎవరి వేలికీ తగలదు.
అరుపు మాత్రం ఆ పాత బట్టే,
తిరగేసి కుట్టారు.

నేను మొహాలు చూడలేదు.
మూడో వరసలో ఒకడికి
ఎడమ భుజం జారుడు.

పుస్తకం తెరిచి పెన్సిలు తీశాను.
"చెప్పకు" అన్న మాట మీద
ఇంకా ఆగే ఉంది చెయ్యి.